పొయ్యెక్కని పాలు

పోయిన వారం ఏసన్న ఆటో ఆదోని పెద్దాసుపత్రి గేట్లోకి వచ్చి ఆగింది. సిద్ధప్ప దానికి ఎదురుపోతుండగా మనం కథ ఆపాం.

అంతకుముందు జరిగింది ఇంతే. ఎమ్మిగనూరులో మగ్గం నేసే మారుతి ఒక పొద్దున గుంటలో కూర్చుని కాలి చెక్క తొక్కబోయాడు. పాదం మాట వినలేదు. మర్నాటికి మోకాళ్లు చచ్చుపడ్డాయి. ఆదోనికి తెచ్చి మంచం మీద వేశాక తొడలు కూడా పోయాయి. కర్నూలుకు తీసుకుపొమ్మని డాక్టరు కృష్ణకుమారి చెప్పింది. మారుతి తండ్రి సిద్ధప్ప వినలేదు. కొడుక్కి తొక్కుడు తగిలిందని, ఎవరో దిష్టి తీసి పారేసినదాన్ని తొక్కాడని ఆయన నమ్మకం. తుగ్గలి దగ్గర తిక్కయ్య అని ఒకడు కాళ్లు పడిపోయినవాళ్లకు పసరు కట్టి తాయెత్తు వేస్తాడు. కొడుకును అక్కడికి మోసుకుపోవడానికే ఆటో.

ఏసన్న వాళ్ల వీధివాడే. వార్డులోకి వచ్చీరాగానే మంచం పక్కన నిలబడి చేతిలోని దుప్పటి దులిపాడు.

"ఎనక సీటు పీకేసి పరుపేసినా మారుతీ. పెండ్లికొడుకు మాదిరి పండుకోని పోవచ్చు."

"పెండ్లికొడుకు పండుకోని పోడు ఏసన్నా," అన్నాడు మారుతి. "అట్ల పోయేటోనికి వేరే పేరుండాది."

"నోరు మూసుకో," అన్నాడు సిద్ధప్ప. "కోడలు యాడ?"

మారుతి భార్య వనజ మళ్లీ కనబడలేదు. పొద్దున్నుంచీ ఇదే వరస. మంచం పక్కన కూర్చుంటుంది, కాసేపటికి లేచి పోతుంది. వచ్చినప్పుడు మొహం కడుక్కుని వస్తుంది. ఏడవడానికి పోతోందనుకున్నాడు సిద్ధప్ప. ఏడుపు ఆయనకు నచ్చదు. భార్య గిరిజమ్మ పోయినప్పుడు కూడా ఆయన ఏడవలేదు. ఏడిస్తే పసిబిడ్డకు పాలొస్తాయా అన్నాడు ఆనాడు పరామర్శకు వచ్చినవాళ్లతో. వాళ్లు మళ్లీ ఆ గడప తొక్కలేదు.

డాక్టరు కృష్ణకుమారి వార్డు చివర ఇంకో మంచం దగ్గరుంది. ఏసన్నను, వాడి చేతిలోని దుప్పటిని చూసి సంగతి అర్థం చేసుకుని వచ్చింది.

"తీసుకుపోతున్నారా పెద్దాయనా?"

"పోతాండాం."

"కాళ్ల నుంచి మొదలైంది పైకి ఎక్కుతోంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి ఆడదు. కర్నూల్లో ఊపిరిచ్చే మిషనుంది. నరంలోకి ఎక్కించే మందుంది. తుగ్గలిలో ఏముంది?"

"మీ మందు ఈడ ఎక్కిస్తానే ఉండారు కదమ్మా. ఎక్కింది రోగమే."

డాక్టరమ్మ మొదటి రోజున అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగింది. "కాళ్లు పడకముందు ఇతనికి భేదులేమైనా అయ్యాయా? జ్వరం, కడుపునొప్పి?"

"లేదు," అన్నాడు సిద్ధప్ప. మొదటి రోజూ అదే చెప్పాడు. కాళ్లు బాగుచేయమని తెస్తే కడుపు సంగతి అడిగేవాళ్ల చదువు మీద ఆయనకు నమ్మకం లేదు.

అప్పుడే రామక్క వచ్చింది.

నందవరం పక్క పల్లె నుంచి బస్సులో వచ్చింది. చెంగంతా దుమ్ము. ఎప్పుడూ చంకలో ఉండే పాల క్యాను ఈసారి లేదు. మొన్న వచ్చినప్పుడు ఉంది. ఆ రోజు లోటాడు పాలు పోసి చాపితే సిద్ధప్ప మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆమె చేత్తో ఇచ్చింది తీసుకుని ఆయనకు చానా ఏళ్లయింది.

ఈ రామక్క ఎవరో చెప్పాలి. గొర్రెలు, మేకలు కాచే మనిషి. గిరిజమ్మ బిడ్డను కని, పురిటి మంచం దిగకుండానే కన్ను మూసింది. ఆ ఏడు రామక్క మంద ఎమ్మిగనూరు పొలిమేరలో చేలకు ఎరువు కోసం కట్టి ఉంది. ఎవరో చెబితే ఈనిన మేకను తాడుకు కట్టి సిద్ధప్ప ఇంటికి తోలుకొచ్చింది. మంద కదిలిపోయినా మేకను అక్కడే వదిలిపెట్టింది, తనూ వచ్చిపోతూ ఉంది. మారుతి ఆ మేకపాలతో బతికాడు. మాటలు వచ్చాక ఆమెను పెద్దమ్మా అన్నాడు. పెండ్లి నిశ్చయమైతే తండ్రికంటే ముందు ఆమెకు చెప్పాడు. అది సిద్ధప్ప గొంతులో ముల్లులా ఉండిపోయింది. కీడు చేసినవాణ్ణి క్షమించినవాళ్లున్నారు. మేలు చేసినవాళ్లను క్షమించడం అందరికీ చేతకాదు.

"మళ్లా ఎందుకొచ్చినావు?" అన్నాడు.

"ఒక మాట సెప్పల్ల సిద్దన్నా."

"నేనే సెప్తా, ఇను. నీ మందలో గొర్లు ఈసుకపోతాంటే, నెలలు నిండని పిల్లలు సచ్చి పడతాంటే, వాటిని పూడ్సేదానికి పల్లెకు పిలిపించుకునేకి నీకు నా కొడుకే దొరికినాడా? గుంత కాడ ఏం ఏసినావు? నిమ్మకాయలా? పసుపన్నమా? వాడు తొక్కినాడు. తొక్కినోని కాళ్లే పోయినాయి. ఇంగ సాక్ష్యం కావల్నా?"

వార్డులో మిగతా మంచాల వాళ్లు ఇటు తిరిగారు. రామక్క వాళ్లను చూడలేదు.

"ఏమీ ఎయ్యలేదు సిద్దన్నా. ఏసింటే బాగుండు. తీసేసేదానికి ఎవరో ఒకరుందురు." ఆమె మంచం ఇనుప కమ్మీ పట్టుకుంది. "నేను పాలు పోసినా."

"ఏం పాలు?"

"గొర్ల డాక్టరు హరికృష్ణ సారు సచ్చిన పిల్లను, దాంతో పడిన మాయను ల్యాబుకు పంపినాడు. నిన్న సాయంత్రం కొట్టం కాడికొచ్చి ఫలితం వచ్చిందన్నాడు. పేగుల్లో ఉండే పురుగంట. కంటికి ఆనదంట. పేరేందో సెప్పినాడు, నాకు నోరు తిరగలేదు. ఈ పాలు పచ్చివి ఎవరన్నా తాగినారా అని అడిగినాడు. మేమంతా తాగినాం సారూ, మారుతి తాగినాడు అన్నా. వానికెట్లుందని అడిగినాడు. కాళ్లు పడిపోయినాయంటే ఆయప్ప మొహం నల్లగయ్యింది. యెంటనే పోయి ఆసుపత్రి డాక్టరుకు సెప్పు పో అన్నాడు."

"పచ్చిపాలెందుకు పోసినావు? నీ ఇంట్లో పొయ్యి లేదా?"

"మందలో ఈతలు పోతాంటే పాలు పొయ్యెక్కియ్యకూడదు కదా," అంది రామక్క. "నీకు దెల్సు కదా."

తెలుసు. ఆ పక్క పల్లెల్లో మంద కాచేవాళ్లందరికీ తెలుసు. గొర్రెలు ఈసుకుపోతున్నన్నాళ్లు పాలకు నిప్పు చూపరు. ఇక్కడ పాలు కాగితే అక్కడ పొదుగులు కాలతాయని, కడుపులో మిగిలిన పిల్లలు కూడా జారిపోతాయని భయం. పితికినవి పితికినట్టే తాగుతారు. రామక్క అత్త అట్లే చేసింది, ఆమె అత్త అట్లే చేసింది. మంద మీద ప్రేమతో పెట్టుకున్న కట్టుబాటు. ఎండలో చచ్చిన పిల్లల్ని పూడ్చి అలసిపోయి వచ్చిన మారుతికి ఆమె మేక దగ్గర కూర్చుని లోటా నిండా పితికి ఇచ్చింది. వాడు నిలబడే గటగటా తాగాడు.

"వాడు నీ పాలే తాగి పెరిగినాడు," అన్నాడు సిద్ధప్ప. గొంతులో కొంచెం బలం తగ్గింది.

"అప్పుడు కాంచి పోసినా సిద్దన్నా. పసిబిడ్డకు ఎవరన్నా పచ్చిపాలు పోస్తారా? పొంగించి, ఆర్చి, గుడ్డలో వడకట్టి పోసినా."

కృష్ణకుమారి సిద్ధప్ప వైపు తిరిగింది. "భేదులు కాలేదన్నారు."

 మంచం మీద నుంచి మారుతి చెప్పాడు. "అయినాయి మేడమ్. నెత్తురు కూడా పడింది. నాయిన దానిమ్మ తొక్క కషాయం పోసినాడు. నిలిసిపోయినాయి. ఆ మాట మరిసిపోయినాం. కాళ్లు పడింది ఆ తర్వాత కదా, దానికీ దీనికీ ఏం సంబంధమనుకుంటిమి."

"సంబంధం ఉంది," అంది డాక్టరమ్మ. స్టూలు లాక్కుని సిద్ధప్ప ఎదురుగా కూర్చుంది. ఆమెకు కోపం వచ్చి ఉండాల్సింది. చూపించలేదు. "ఆ పురుగు గొర్రె పేగుల్లో, మేక పేగుల్లో, కోడి పేగుల్లో ఉంటుంది. చాలాసార్లు ఊరికే పడి ఉంటుంది. చూలు గొర్రెకు పేగు దాటి పిల్లసంచిలోకి పోతే పిల్ల పోతుంది. మనిషి కడుపులో పడితే భేదులు. ఇదంతా ఒకటే జీవి పని అని కలిపి చూడటం మాకూ ఈమధ్యనే అలవాటవుతోంది. పశువును పశువుల డాక్టరు చూస్తాడు, మనిషిని మేం చూస్తాం. మధ్యలో ఏముందో ఎవరూ చూడలేదు."

"మా ఇంట్లో అందరం తాగినాం కదమ్మా," అంది రామక్క. "మాకు ఒకపూట కడుపు జాడించి పోయింది. వానికే ఎందుకిట్ల?"

"మీరు పుట్టినప్పటి నుంచీ మందలో ఉన్నారు. మీ ఒంటికి అది పాత పరిచయం. ఇతనికి కొత్త."

"కడుపులో పురుగుంటే కాళ్లెందుకు పోతాయి?" అన్నాడు సిద్ధప్ప.

"ఒంట్లో కాపలా ఉంటుంది పెద్దాయనా. అది పురుగును గుర్తుపట్టి చంపుతుంది. ఆ పురుగు పైతోలు, మన నరాల మీది పొర కొంచెం ఒకే తీరుగా ఉంటాయి. ఎక్కడో వెయ్యిమందిలో ఒకరికి కాపలా పొరబడుతుంది. పురుగు చచ్చినా ఆగదు. నరాల మీద పడి ఆ పొరను తినేస్తుంది."

సిద్ధప్పకు మిగతాది అర్థమైందో లేదో గానీ ఇది అర్థమైంది. ఆయన జన్మంతా నూలుకు గంజి పెట్టినవాడు. గంజి ఊడిన పోగు మగ్గం మీద ఎట్లా ఉంటుందో తెలుసు. చూడటానికి పోగు ఉన్నట్టే ఉంటుంది. పని చేయదు. పీచు లేచి, పక్క పోగును పట్టుకుని, చివరికి తెగుతుంది.

"ఆ పొర మళ్లా వస్తుందా?"

"వస్తుంది. చాలామందికి వస్తుంది. నెలలు పడుతుంది. అంతదాకా ఊపిరి నిలబెట్టాలి."

ఇక్కడ ఆగి ఉంటే బాగుండేది. సిద్ధప్ప ఆగలేదు. కొడుకు భేదులు దాచింది తనేనని లోపల పొడుస్తుంటే, ఆ పోటును ఎవరి మీదకైనా తోసేయాలి. ఎదురుగా రామక్క ఉంది.

"అయితే నీ పాలే," అన్నాడు. "గిరిజ సచ్చిన దినం నువ్వు ఆ మేకను తోలుకోని రాకుండా ఉంటే సరిపోయేది. వీడు గూడ ఆమె ఎనకాలే పోయేటోడు. నాకీ కర్మ లేకుండేది."

రామక్క మంచం కమ్మీ వదిలేసి నాలుగడుగులు వెనక్కి పోయింది. ఏసన్న దుప్పటిని ఒక చేతిలో నుంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. 

"నాయినా," అన్నాడు మారుతి. "నేను ఈడే ఉండా."

అన్న మాట చిన్నదే. అంత చిన్న మాటను కూడా వాడు మధ్యలో ఆపి, గాలి తీసుకుని, పూర్తి చేశాడు. ఇందాక ఏసన్నతో ఎకసెక్కాలాడినప్పుడు అట్లా ఆపలేదు. సిద్ధప్ప చెవిలో ఆ ఖాళీ పడింది. మగ్గం శబ్దంలో ఒక్క దెబ్బ తప్పినా పక్క గదిలో నుంచి పట్టే చెవి అది.

భుజం మీది తుండుగుడ్డ అంచును తడుముకున్నాడు. నూలు పింజ ఒకటి అంటుకుని ఉంది. తీసి కొడుకు మూతి ముందు అరచేతిలో పెట్టాడు.

"ఊదు."

మారుతి నవ్వాడు. "ఇదేంది నాయినా, సిన్నపిల్లోని ఆట."

వీడు పసివాడుగా ఉన్నప్పుడు మగ్గం పక్కన కూర్చోబెడితే పడుగు మీద రాలిన పింజల్ని ఊదేవాడు. ఇంటి దూలం దాకా లేచేవి. తడి నూలు మీద మళ్లీ పడతాయని సిద్ధప్ప తిట్టేవాడు. తిట్టినకొద్దీ ఊదేవాడు.

"ఊదు అంటాండా కదా."

మారుతి పెదవులు ముడిచాడు. పింజ కొంచెం వణికింది. కదల్లేదు. మళ్లీ ఊదాడు. నుదుటి మీద చెమట పట్టింది. పింజ సిద్ధప్ప అరచేతి గీతల్లో అట్లే పడి ఉంది.

సిద్ధప్ప పిడికిలి మూశాడు.  డాక్టరమ్మను చూడలేక ఏసన్నను చూశాడు.

"ఏసన్నా, నువ్వు ఇంటికి పో. తిక్కయ్య ఎదురుసూస్తే సూడనీ."

"నేను గేటు కాడే ఉంటా సిద్దన్నా," అన్నాడు ఏసన్న. "యాడికైనా అక్కర పడొచ్చు."

"అమ్మా," అన్నాడు సిద్ధప్ప, గోడకేసి. "కర్నూలుకు పంపించండి."

కృష్ణకుమారి అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. ఆసుపత్రి అంబులెన్సు మెట్ల దగ్గరికి వచ్చింది. మారుతిని స్ట్రెచర్ మీదికి మార్చి, మొహానికి ఆక్సిజన్ మాస్కు తొడిగారు. డ్రైవరు లోపలికి తొంగిచూసి కేకేశాడు. "జల్దీ రావల్ల! తోడుకు ఒకరే ఎక్కల్ల!"

"భార్య ఎక్కుతుంది. ఏది ఆమె?" అంది డాక్టరమ్మ. అంటూనే ఏదో తట్టి రామక్క వైపు తిరిగింది. "ఆ పచ్చిపాలు మీ ఇంట్లోవాళ్లు, మారుతి కాక ఇంకెవరైనా తాగారా?"

రామక్క చేయి నోటి మీదికి పోయింది.

"చెప్పమ్మా."

"మొన్న ఈడికి తెచ్చినా. గొర్ల డాక్టరు సెప్పకముందు. నాకేం దెల్సమ్మా అప్పుడు." ఆమె మాట తడబడింది. "మారుతికి నోటికి ఏమీ ఇయ్యొద్దని నర్సమ్మ అనింది. వనజమ్మకు పోసినా. నిండు కడుపుతో ఉండాది, నాలుగు దినాలుగా సరిగ్గా తిండి లేదు, బలమని పోసినా. ఒక లోటా." ఆగింది. సిద్ధప్పను చూసి కళ్లు దించుకుంది. "సిద్దన్న వద్దన్నాడు కదా. ఆ లోటా కూడా పారబోసేకి మనసు రాక ఆ పిల్లకే తాపినా."

సిద్ధప్పకు గోడవైపు మొహం తిప్పుకున్న తన పౌరుషం గుర్తొచ్చింది. పొద్దున్నుంచీ లేచి లేచి పోతున్న కోడలు గుర్తొచ్చింది. మొహం కడుక్కుని వస్తే ఏడ్చి వస్తోందనుకున్నాడు.

వరండా చివర ఆడవాళ్ల బాత్రూం. తలుపు వేసి ఉంది. ఆ వయసులో ఆయన పరిగెత్తడం వాళ్ల వీధిలో ఎవరూ ఎన్నడూ చూడలేదు. తలుపు మీద అరచేత్తో కొట్టాడు.

"వనజా! వనజమ్మా!"

పెండ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి కోడల్ని ఆయన పేరు పెట్టి పిలిచింది లేదు. ఏమ్మే అనడమే.

గడియ తీసిన శబ్దం. వనజ తలుపు పట్టుకుని నిలబడింది. పెదవులు పాలిపోయి ఉన్నాయి. ఒక చేయి కడుపు కింద ఉంది.

"ఎప్పటి నుంచి?" అన్నాడు.

"నిన్న రాత్రి మొదలయినాయి మామా. నిలుస్తాలేవు."

"సెప్పకూడదా?"

"ఆయప్ప అట్లుంటే నా కడుపు సంగతి ఏం సెప్పేది?"

 కాళ్ల ముందు కడుపు లెక్కలోది కాదనుకునే సిద్ధప్ప కూడా డాక్టరుకు భేదులు లేవన్నాడు.

వనజ ఇంకేదో చెప్పబోయి ఆగింది. మామతో చెప్పే మాట కాదు. కానీ అక్కడ వేరే ఎవరూ లేరు. "బిడ్డ ఎప్పుడూ పొద్దున పూట కాళ్లు ఆడిస్తాది మామా. ఈ పొద్దు కదల్లేదు."

మెట్ల దగ్గర అంబులెన్సు హారన్ మోగింది. ఒకసారి, మళ్లీ. కృష్ణకుమారి వచ్చి వనజను పట్టుకుంది. నర్సును కేకేసి చక్రాల కుర్చీ తెమ్మంది. "ఈమె కదలడానికి లేదు. ఇక్కడే ఉండాలి. మీరు కొడుకుతో పోతారా, ఇక్కడ ఉంటారా, తొందరగా చెప్పండి. బండి ఆపడానికి లేదు."

సిద్ధప్ప అటు చూశాడు, ఇటు చూశాడు. కొడుకు స్ట్రెచర్ అప్పటికే బండిలోకి ఎక్కింది. వార్డు గుమ్మంలో రామక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. లోపలికి రావడానికీ, పోవడానికీ హక్కు లేని మనిషిలా.

ఆయన ఆమె ముందుకు పోయి నిలబడ్డాడు.

"లెయ్."

ఆమె లేచింది.

"బండెక్కు. వానితో పో."

"నేనా సిద్దన్నా?"

"నువ్వే. సెయ్యి పట్టుకోని కూసో. మాట్లాడిస్తానే ఉండు. వాడు మాట మధ్యలో నిలిపితే బండిలో ఆక్సిజన్ సూసేటోనికి సెప్పు."  పిడికిలి విప్పి, నలిగిన నూలు పింజను ఆమె అరచేతిలో పెట్టాడు. "ఊదమను. అప్పుడప్పుడూ ఊదమను."

ఆమెను క్షమించాడని ఎవరూ అనుకోవద్దు. క్షమించలేదు. ముప్పై ఏళ్ల కిందట కూడా ఇష్టం లేకుండానే ఆ చేతుల్లో బిడ్డను పెట్టాడు. అప్పుడూ వేరే దారి లేదు.

రామక్క చెంగు బిగించుకుని మెట్లు దిగింది. బండి తలుపు పడింది. గేటు దాటి కర్నూలు రోడ్డు ఎక్కేదాకా సిద్ధప్ప చూస్తూ నిలబడలేదు. వెనక్కి తిరిగి కాన్పుల వార్డు వైపు నడిచాడు.

లోపల వనజను మంచం మీద పడుకోబెట్టారు. చేతికి సెలైను పెట్టారు. మామూలుగా మగవాళ్లను రానివ్వరు. ఆ రోజు ఎవరూ ఆయన్ను ఆపలేదు. కృష్ణకుమారి బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న మిషను తీసి వనజ పొట్ట మీద ఆనించింది. బొంగురు శబ్దం తప్ప ఏమీ రాలేదు. కొంచెం కిందికి జరిపింది. పక్కకు జరిపింది. నర్సు ఏదో అడగబోతే చేయెత్తి ఆపింది.

వనజ డాక్టరమ్మను చూడటం లేదు. మామను చూస్తోంది.

సిద్ధప్ప తల ఒక పక్కకు వంచి, మగ్గం దెబ్బ కోసం వినే చెవిని ఆ మిషను వైపు పెట్టాడు.